మేకు ఎక్కడ? బోల్టు ఎక్కడ?



ఇల్లు దేంతో కడతారు అని అడిగితే రాయి, ఇటుక, సిమెంటు, కర్ర, రేకు అని టకటకా చెప్పేస్తాం. మరి వీటన్నిటినీ ఒకదానికొకటి పట్టి ఉంచేది ఏది అంటే మాత్రం ఒక్క నిమిషం ఆగిపోతాం. మేకులు, స్క్రూలు, బోల్టులు, నట్లు, వాషర్లు, హుక్కులు. వీటి ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో చాలా కొంచెం. కానీ పెనుగాలి వచ్చిన రోజున కప్పు ఉంటుందా పోతుందా అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. మన ఏజెన్సీ కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. ఇళ్ళ రేకులు ఎగిరిపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసింది. మనలో చాలామందికి హుద్‌హుద్ నాటికి ఊహ తెలియదు, కొందరు అప్పటికి పుట్టనే లేదు. పెద్దవాళ్ళని అడిగితే "రేకు ఎగిరిపోయింది" అని చెబుతారు. నిజానికి రేకు ఊరికే ఎగరదు. దాన్ని పట్టుకున్న మేకు ఊడుతుంది, లేకపోతే హుక్కు చుట్టూ రేకు చిరుగుతుంది. ఆ తర్వాతే ఎగురుతుంది. అందుకని ఈసారి మన గోడపత్రికలో ఈ చిన్న వస్తువుల గురించి తెలుసుకుందాం.

1. మన పెద్దవాళ్ళు ఎలా కట్టారు?

వెదురుతో కట్టిన ఇంటిని జాగ్రత్తగా చూడండి. అందులో ఎక్కువగా కట్లే కనబడతాయి, మేకులు తక్కువ. అడ్డతీగ నారతో గానీ, పలచగా చీల్చిన వెదురు దబ్బతో గానీ బిగించి కడతారు. ఇది తెలివైన పని. ఎందుకంటే వెదురు లోపల డొల్ల, దాని పీచు అంతా నిలువుగా ఉంటుంది. మేకు కొడితే ఆ నిలువు పీచు వెంట టప్పున చీలిపోతుంది. నార కట్టు అయితే వెదురును చుట్టూ పట్టుకుంటుంది, ఎక్కడా గాయం చెయ్యదు. వెదురుకు బోల్టు వెయ్యాల్సి వస్తే కణుపు దగ్గర, ముందు బరమాతో రంధ్రం చేసి వెయ్యాలి.

దూలానికీ నిట్టాడికీ అతుకు వెయ్యడానికి వడ్రంగులు కర్ర చీల వాడతారు. రంధ్రం చేసి, బాగా ఎండిన గట్టి కర్ర చీలను దిగ్గొడతారు. చీల గాలిలోని తేమను పీల్చి కొంచెం ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది.

అయితే నార కుళ్ళుతుంది, చెదలు పడుతుంది. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ కట్టుకోవాలి. పైగా ఇప్పుడు గడ్డి కప్పుల బదులు రేకులు వచ్చాయి. రేకు చాలా తేలిక, దాని గుండా గాలి దూరదు. పాత కట్టు కొత్త కప్పుకు చాలదు.

2. ముందు అడగవలసిన ప్రశ్న

ఏ మేకు, ఏ బోల్టు అని దుకాణంలో అడిగే ముందు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇక్కడ బలం ఎటు పని చేస్తుంది?

(అ) గోడకు తగిలించిన పటం మేకును కిందికి నొక్కుతుంది. అంటే మేకును అడ్డంగా కోసే బలం.
(ఆ) పైకప్పు నుంచి వేలాడే ఫ్యాను కొక్కేన్ని నిటారుగా కిందికి లాగుతుంది. అంటే ఊడదీసే బలం.
(ఇ) గాలి రేకును పైకి లాగుతుంది. ఇది కూడా ఊడదీసే బలమే, కాకపోతే పైకి.

మేకు మొదటి పనికి బాగా పనికొస్తుంది. రెండో పనికీ, మూడో పనికీ మేకు మీద ఆధారపడకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పాఠం వచ్చినట్టే.

3. మేకు

మేకును కర్రలోకి కొట్టినప్పుడు అది కర్ర పీచును పక్కకు తోస్తుంది. తోసిన పీచు మళ్ళీ దగ్గరికి రావాలని చూస్తూ మేకును నొక్కి పట్టుకుంటుంది. మేకు నిలిచేది ఈ రాపిడి వల్లే. కర్ర ఎండి కుంచించుకుపోయినా, వానకు నాని ఎండుతూ ఉన్నా ఆ పట్టు తగ్గిపోతుంది. పచ్చి కర్రకు కొట్టిన మేకు కొన్నాళ్ళకు వదులవటం మనం చూస్తూనే ఉంటాం.

మేకు కొట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినవి:

– పైన పెట్టే చెక్క మందానికి సుమారు మూడు రెట్లు పొడవున్న మేకు తీసుకోవాలి. అరంగుళం చెక్కకు అంగుళంన్నర మేకు. అప్పుడు మూడింట రెండు వంతులు కింది కర్రలోకి దిగుతుంది.
– కర్ర పక్క నుంచి, అంటే పీచుకు అడ్డంగా కొట్టిన మేకు గట్టిగా ఉంటుంది. కర్ర కొసలోకి పీచు వెంట కొట్టింది తేలిగ్గా ఊడి వస్తుంది.
– రెండు మూడు మేకులు ఒకే గీత మీద కొట్టవద్దు. కర్ర ఆ గీత వెంట చీలుతుంది. కొంచెం అటూ ఇటూగా కొట్టాలి.
– మద్ది, వేగిస లాంటి గట్టి కర్ర అయితే మేకు కంటే కాస్త సన్నని రంధ్రం ముందే చెయ్యాలి. లేకపోతే మేకు వంగుతుంది, లేదా కర్ర పగులుతుంది.
– రెండు మేకులు నిటారుగా కొట్టేకన్నా ఒకటి ఇటు వాలుగా, ఒకటి అటు వాలుగా కొడితే పట్టు ఎక్కువ.
– మేకు మొన అవతలికి వస్తే దాన్ని మడిచి కొట్టాలి. మడిచిన మేకు అంత తేలిగ్గా వెనక్కి రాదు, కాలికి గుచ్చుకోదు కూడా.

4. స్క్రూ (మరమేకు)

స్క్రూకు మరలు ఉంటాయి. తిప్పుతుంటే ఆ మరలు కర్రలో దారి కోసుకుంటూ లోపలికి పోతాయి. దాన్ని లాగాలంటే ప్రతి మర పైనున్న పీచునూ చించుకుంటూ రావాలి. అందుకే ఊడదీసే బలానికి మేకు కంటే స్క్రూ చాలా నయం. తలుపుల మడతబందులకు, గొళ్ళేలకు స్క్రూలే వేసేది ఇందుకే. తలుపు రోజుకు ఎన్నిసార్లు లాగుతామో ఆలోచించండి.

కానీ చాలాచోట్ల స్క్రూను సుత్తితో కొట్టేసి, ఆఖరున రెండు చుట్లు తిప్పి వదిలేస్తారు. పైకి చూస్తే తేడా తెలియదు. కానీ లోపల మరలు పీచును తెంపేసి ఉంటాయి. అది ఇక స్క్రూ కాదు, వదులైన మేకు. ముందు సన్న రంధ్రం చేసి, మరలకు కొంచెం సబ్బు రాసి తిప్పితే గట్టి కర్రలోకి కూడా సాఫీగా దిగుతుంది. పాత రంధ్రం వదులైతే పలచని కర్ర పుల్లలు జిగురు రాసి అందులో దోపి, మళ్ళీ స్క్రూ వేసుకోవచ్చు.

5. బోల్టు, నట్టు, వాషరు

మేకూ స్క్రూ కర్రను నమ్ముకుని ఉంటాయి. బోల్టు అలా కాదు. ఇటు నుంచి అటు దాకా పోయి, ఒక పక్క తలా, ఇంకో పక్క నట్టూ కలిసి రెండు వస్తువులను నొక్కి పట్టుకుంటాయి. పెద్ద బరువు మోసే చోట, అంటే దూలాల అతుకులకు, ఇనుప చట్రాలకు బోల్టులే వాడాలి.

బోల్టు తల మీద 4.6, 8.8 అని అంకెలు ఉంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే ఒక చదరపు మిల్లీమీటరు ఇనుము ఎన్ని న్యూటన్ల బలానికి తెగుతుందో వస్తుంది. 4.6 అంటే 400 న్యూటన్లు. 12 మి.మీ. బోల్టుకు మరల దగ్గర లెక్కకు వచ్చే వైశాల్యం సుమారు 84 చదరపు మి.మీ. కాబట్టి 84 × 400 = 33,600 న్యూటన్లు. దాదాపు 3,400 కిలోలు! 50 కిలోల బియ్యం బస్తాలు 68 అన్నమాట. ఇది తెగిపోయే బరువు. ఇంజినీర్లు దీనికంటే చాలా తక్కువే మోయనిస్తారు.

అంత బలమైన బోల్టు ఉన్నా అతుకు ఎందుకు పాడవుతుంది? బోల్టు తెగదు, కర్ర నలుగుతుంది. నట్టు కర్రలోకి కూరుకుపోతుంది. అందుకే వాషరు వెయ్యాలి. వాషరు బలాన్ని ఎక్కువ చోటుకు పంచుతుంది. బురదలో కాలు దిగకుండా పలక వేసుకున్నట్టే ఇది. అలాగే బోల్టు రంధ్రం కర్ర కొసకు మరీ దగ్గరగా ఉంటే కొస చీలిపోతుంది. లాగుడు పడే అతుకులో బోల్టు లావుకు కనీసం 7 రెట్లు దూరం వదలాలి. 12 మి.మీ. బోల్టుకు 84 మి.మీ., అంటే సుమారు మూడున్నర అంగుళాలు.

ఒక ఊళ్ళో కొన్న నట్టు ఇంకో ఊళ్ళో కొన్న బోల్టుకు ఎలా పడుతుంది అని ఎప్పుడైనా అనుకున్నారా? పూర్వం ఒక్కో కార్ఖానా తన ఇష్టం వచ్చిన మర చేసేది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన అందరూ ఒకే కొలత మరలు చెయ్యాలని పద్ధతి పెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా మిల్లీమీటర్ల మరలు వాడుతున్నాం. కానీ పాత అంగుళాల సరుకు కూడా దొరుకుతుంది. నాలుగు సూతుల బోల్టు, అంటే అరంగుళం బోల్టు, 12.7 మి.మీ. ఉంటుంది. దాని నట్టు 12 మి.మీ. బోల్టుకు సరిగ్గా పట్టదు. అందుకే నట్టూ బోల్టూ ఒకేచోట, వేలితో తిప్పి చూసి కొనాలి.

6. రేకుల లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లెక్కల పుస్తకం పక్కన పెట్టుకోండి.

గాలి ఒక చదరపు మీటరు మీద వేసే బలం = 0.6 × వేగం × వేగం. వేగం సెకనుకు మీటర్లలో, బలం న్యూటన్లలో. మన దేశపు కట్టడాల ప్రమాణంలో విశాఖపట్నానికి తీసుకునే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కి.మీ.

0.6 × 50 × 50 = 1,500 న్యూటన్లు. సుమారు 150 కిలోలు.

10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు రేకు సుమారు 2.8 చదరపు మీటర్లు. దాన్ని గాలి పైకి లాగే బలం సుమారు 2.8 × 150 = 420 కిలోలు. ఆ ఇనుప రేకు సొంత బరువు 15 కిలోలు కూడా ఉండదు!

గాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు పైన పీడనం తగ్గుతుంది, లోపలి గాలి రేకును పైకి తోస్తుంది. చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర, కొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. గోడలు లేని షెడ్డులో గాలి లోపలికి దూరి కింద నుంచి కూడా ఎత్తుతుంది. రేకులు ముందు అంచుల దగ్గర లేవటం, తెరిచి ఉన్న షెడ్లు ముందు పోవటం ఇందువల్లే. గాలి వచ్చే వైపు తలుపులూ కిటికీలూ మూసుకోమని చెప్పేది కూడా ఇందుకే.

ఇంకొక మాట. వేగం రెట్టింపు అయితే బలం నాలుగు రెట్లు అవుతుంది. గంటకు 90 కి.మీ. గాలికి ఒక చదరపు మీటరు మీద సుమారు 38 కిలోలే పడుతుంది. కాబట్టి "పోయిన ఏడాది గాలికి ఏమీ కాలేదు" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు.

420 కిలోలను 6 హుక్కులు మోస్తే ఒక్కోదానికి 70 కిలోలు. 12 హుక్కులు మోస్తే 35 కిలోలు. 8 మి.మీ. హుక్కు ఇనుము తెగాలంటే సుమారు 1,500 కిలోలు కావాలి. అంటే హుక్కు తెగదు. దాని వంపు విచ్చుకుంటుంది, లేదా చిన్న వాషరు చుట్టూ రేకు చిరుగుతుంది. కాబట్టి లావు హుక్కులు తక్కువ వేసేకన్నా, మామూలు హుక్కులు ఎక్కువ వేసి వెడల్పు వాషర్లు పెట్టటం మేలు.

రేకుల మీద రాళ్ళు పెట్టే అలవాటు ఉంది కదా. 20 కిలోల రాళ్ళు ఒక్కో రేకుకు 21 కావాలి. అన్ని పెడితే కప్పే కూలుతుంది. తక్కువ పెడితే గాలికి రేకుతో పాటు రాయి కూడా మన మీదే పడుతుంది.

రేకులు బిగించేటప్పుడు:

– రంధ్రం రేకు గట్టు మీద చెయ్యాలి, కాలువలో కాదు. వాన నీరు కాలువలో పోతుంది.
– ఇనుప అడ్డ పట్టెలకు జె హుక్కులు గానీ, రబ్బరు వాషరుతో వచ్చే స్క్రూలు గానీ వాడాలి. హుక్కు వంపు పట్టెను పూర్తిగా కరుచుకోవాలి.
– హుక్కు మీద ముందు తారు వాషరు, దానిపైన రేకు వాషరు, ఆపైన నట్టు. సైకిలు ట్యూబు ముక్కలు ఎండకు త్వరగా పగిలిపోతాయి.
– మరీ బిగించకూడదు. సిమెంటు రేకు పగులుతుంది. రబ్బరు వాషరు కొంచెం ఒత్తుకుంటే చాలు, చితికి బయటికి రాకూడదు.
– కర్ర పట్టెలకైతే ఉత్త మేకులు చాలవు. స్క్రూలు వెయ్యాలి, లేదా మేకు మొనను అవతల పక్క మడవాలి.
– అంచులకూ కొప్పుకూ హుక్కులు దగ్గర దగ్గరగా వెయ్యాలి.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా చేటు. పాత రేకులను కొయ్యటం, పగలగొట్టటం పిల్లలు చెయ్యకూడదు. దాని మీద నేరుగా అడుగు వేస్తే విరిగి కింద పడతాం కూడా.

7. గోడకూ, పైకప్పుకూ

ఇటుక గోడలో రంధ్రం చేసి ప్లాస్టిక్కు ప్లగ్గు దోపి స్క్రూ తిప్పితే ప్లగ్గు విచ్చుకుని రంధ్రాన్ని ఒత్తి పట్టుకుంటుంది. రంధ్రం పైపూతలోనే ఆగిపోతే పట్టు ఉండదు, ఇటుకలోకి దిగాలి. మట్టి గోడలో ప్లగ్గు నిలవదు. గోడ పెట్టేటప్పుడే ఒక చెక్క దిమ్మను లోపల పెట్టి కడితే తర్వాత దానికి స్క్రూ వేసుకోవచ్చు. కాంక్రీటుకు యాంకరు బోల్టులు వస్తాయి. బిగించే కొద్దీ దాని గొట్టం లోపల విచ్చుకుంటుంది. రంధ్రంలో దుమ్ము ఊదెయ్యకపోతే, అంచుకు మరీ దగ్గరగా వేస్తే పట్టు రాదు.

ఫ్యాను సంగతి వేరు. దాని బరువు కొన్ని కిలోలే, కానీ తిరుగుతూ రోజంతా అదురుతుంది. అందుకని స్లాబు పోసేటప్పుడే లోపలి ఊసలకు తగిలించి కొక్కెం పెట్టాలి. ఫ్యాను కొక్కేనికి తగిలే చోట బోల్టు, నట్టుతో పాటు స్ప్లిట్ పిన్ను అనే చిన్న చీల ఉంటుంది. అదురుడుకు నట్టు వదులై ఊడిపోకుండా ఆపేది అదే. మనం రాత్రిపూట పడుకునేది ఆ ఫ్యాన్ల కిందే కదా.

8. తుప్పు

ఇనుముకు నీరూ గాలీ కలిస్తే తుప్పు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే తుప్పు పట్టిన మేకు కర్రనూ సిమెంటునూ పగలగొడుతుంది. బయట వాడేవాటికి జింకు పూత ఉండాలి. దుకాణంలో జి.ఐ. అని అడగాలి. గీత పడినా జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది.

కరక్కాయ రసంలో ఇనుప ముక్క వేస్తే నల్ల సిరా అవుతుందని మన పెద్దలకు తెలుసు. కరక్కాయలో ఉండే టానిన్ అనే పదార్థం కొన్ని కర్రల్లో కూడా ఉంటుంది. అలాంటి కర్ర తడిసినప్పుడు మేకు చుట్టూ నల్ల మచ్చ వస్తుంది. ఆ మచ్చ కనబడితే మేకును ఒకసారి చూసుకోవాలి.

9. గొలుసు

రేకు హుక్కును పట్టుకుంటుంది. హుక్కు అడ్డ పట్టెను, పట్టె వాసాన్ని, వాసం గోడను, గోడ పునాదిని పట్టుకోవాలి. ఇది ఒక గొలుసు. ఇందులో ఏ ఒక్క లంకె బలహీనంగా ఉన్నా మిగతావాటి బలం వృథా. రేకులకు 12 హుక్కులు వేసి, వాసాలను గోడ మీద ఊరికే ఆనించి వదిలేస్తే గాలి కప్పు మొత్తాన్ని ఒకేసారి ఎత్తుతుంది. గోడ పై వరుసలో కాంక్రీటు పట్టీ వేసి, పోసేటప్పుడే అడుగు వంచిన 12 మి.మీ. బోల్టులు అందులో పాతాలి. వాసాలను వాటికి నట్లతో బిగించాలి.

మనం చేయగలిగినవి

దసరా సెలవులు తుపాన్ల కాలంలోనే వస్తాయి. ఇంటికి వెళ్ళినప్పుడు కింద నిలబడి కప్పు చూడండి. చూరు అంచున ఎన్ని హుక్కులు ఉన్నాయి? ఎన్నింటికి వాషర్లు లేవు? వాసం గోడకు దేంతో కట్టి ఉంది? ఒక కాగితం మీద రాసి నాన్నకో, మేస్త్రీకో చూపించండి. పైకి ఎక్కకండి. ఆ పని పెద్దవాళ్ళది.

హాస్టలులో కూడా మంచాల నట్లు, తలుపు మడతబందులు, బల్లల స్క్రూలు వదులైతే ఆ రోజే చెప్పాలి. పానాతో రెండు చుట్లు తిప్పితే పోయేదానికి రంధ్రం పెద్దదయ్యేదాకా ఆగకూడదు. వార్డెను గార్లకు మా విన్నపం: వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి ఎలక్ట్రీషియను చేత ఫ్యాను కొక్కేలూ స్ప్లిట్ పిన్నులూ, మేస్త్రీ చేత వంటశాల రేకుల హుక్కులూ చూపించవలసిందిగా కోరుతున్నాం.

చేసి చూడండి: ఒక కర్ర దిమ్మలో ఒకే సైజు మేకులు రెండు, ఒకటి పక్క నుంచీ ఒకటి కొసలోకీ, ఒకే లోతుకు కొట్టండి. పట్టకారుతో లాగండి. ఏది ముందు వచ్చింది?

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో):
1. ముప్పావు అంగుళం చెక్కకు ఎంత పొడవు మేకు కావాలి?
2. సెకనుకు 40 మీటర్ల గాలికి ఒక చదరపు మీటరు మీద బలం ఎంత?
3. ఆ గాలికి 2.8 చదరపు మీటర్ల రేకును 8 హుక్కులు పట్టుకుంటే ఒక్కో హుక్కు మీద ఎన్ని కిలోలు?
4. ఫ్యానును గోడ ప్లగ్గుతో ఎందుకు వేలాడదియ్యకూడదు?

– 10వ తరగతి విద్యార్థి